ఉంగరాల జుట్టు: మన నీళ్లు, మన గాలి, మన నూనె

ఉంగరాల జుట్టున్న పిల్లకు ఇంట్లో తరచుగా వినపడే మాట, “నూనె రాసి దువ్వుకోవే, ఎలా రేగిపోయిందో చూడు” అన్నది. ఇందులో సగం మంచి సలహాయే. నూనె నిజంగానే కావాలి. కానీ రేగిన జుట్టుకు మందుగా చెప్పే ఆ దువ్వడమే చాలాసార్లు రేగడానికి కారణం. ఆరిన ఉంగరాల్లోకి సన్నపళ్ల దువ్వెన దిగిందంటే, ఒక పాయగా కలిసి తిరిగిన వెంట్రుకలన్నీ చెదిరి దేని దారి అది పడుతుంది. సాఫీ జుట్టు కోసం పుట్టిన అలవాట్లను ఉంగరాల జుట్టు మీద రుద్దితే వచ్చే తంటా ఇది. ఈమధ్య దానికి ఇంకొకటి తోడైంది. ఎక్కడో న్యూయార్క్ సెలూన్‌లో తయారైన నియమాలను ఉన్నవి ఉన్నట్టుగా విజయవాడ ఎండలో, హైదరాబాద్ బోరు నీళ్లతో పాటించి, ఫలితం రాలేదని బాధపడటం.

ఈ జుట్టు ఎందుకు తిరుగుతుందో తెలిస్తే దాన్ని ఎలా చూసుకోవాలో చాలావరకు తెలిసిపోతుంది. వెంట్రుక ఉంగరం తిరిగేది బయటికొచ్చాక కాదు, మాడు లోపల అది పుట్టే కుదురులోనే. సాఫీ జుట్టు కుదురు నిటారుగా ఉంటుంది, ఉంగరాల జుట్టు కుదురు వంగి ఉంటుంది. అందులోంచి వచ్చిన వెంట్రుకను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రంగా కాక కోలగా కనిపిస్తుంది. లోపలి కెరటిన్ ప్రొటీన్ అమరిక కూడా రెండు వైపులా ఒకేలా ఉండదు. అందుకే గుండు చేయిస్తే జుట్టు సాఫీగా వస్తుందన్న ఆశ నెరవేరదు. కత్తి తీసేది చర్మం పైనున్న భాగాన్నే, కుదురు అలాగే ఉంటుంది. పుట్టువెంట్రుకలు తీయించాక జుట్టు మారిందని పెద్దవాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు, ఆ వయసులో పిల్లల జుట్టు ఎలాగూ మారుతుంది. ఈడొచ్చినప్పుడు, కాన్పు తర్వాత, కీమోథెరపీ తర్వాత కూడా ఉంగరాలు రావడం, పోవడం మామూలే.

కుదురులోని ఆ వంపు వల్ల రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది జిడ్డు సంగతి. మాడులోని గ్రంథులు వదిలే సహజమైన జిడ్డు సాఫీ వెంట్రుక మీద సులువుగా జారి చివరిదాకా పోతుంది. ఉంగరాల వెంట్రుక దానికి ఘాట్ రోడ్డు లాంటిది, మలుపు మలుపుకీ ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డోడుతున్నా చివర్లు ఎండుగడ్డిలా ఉండటం ఈ జుట్టులో ఒకేసారి జరుగుతుంది. రెండోది నీటి సంగతి. వెంట్రుకకు ఆకారాన్నిచ్చే బంధాల్లో గంధకపు బంధాలు గట్టివి, రసాయనాలకు తప్ప లొంగవు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. తడవగానే విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ కట్టుకుంటాయి. తలస్నానం చేసి కదల్చకుండా ఆరబెట్టిన రోజున ఉంగరాలు తీరుగా నిలవడానికీ, ఆరుతుండగా తువ్వాలుతో రుద్దిన రోజున రేగిపోవడానికీ కారణం ఇదే. ఉక్కపోత రోజున గాలిలోని తేమ కూడా ఈ బంధాలను విప్పి తన ఇష్టం వచ్చినట్టు కట్టిస్తుంది.

ఇప్పుడు ఆ న్యూయార్క్ నియమాల గురించి. ఉంగరాల జుట్టుకు ప్రత్యేకమైన పద్ధతి కావాలని గట్టిగా చెప్పి లోకాన్ని ఒప్పించినవాళ్లలో న్యూయార్క్ కేశాలంకరణ నిపుణురాలు లోరెయిన్ మాసీ ఒకరు. ఆమె రాసిన ‘కర్లీ గర్ల్’ పుస్తకం 2000ల తొలినాళ్లలో వచ్చింది. సల్ఫేట్ ఉన్న షాంపూ వద్దు, సిలికోన్లు వద్దు, బ్రష్ వద్దు, వేడి వద్దు, వీలైతే షాంపూ బదులు కండిషనర్‌తోనే కడుక్కోండి అన్నది దాని సారాంశం. అప్పటిదాకా తమ జుట్టును ఒక లోపంగా చూసుకున్నవాళ్లకు అది పెద్ద ఊరట. అయితే ఆ పద్ధతి మాడుకు నూనె మర్దన చేసే అలవాటు లేని, చెమట తక్కువ పట్టే వాతావరణంలో పుట్టింది. మనం వారానికోసారి కొబ్బరినూనె పట్టిస్తాం. ఏప్రిల్లో బస్సు దిగేసరికి మాడంతా చెమట, దుమ్ము. దాన్ని కండిషనర్‌తో కడగడం కుదిరే పని కాదు. మాడు దురద, చుండ్రు, వాసన మిగులుతాయి. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా ఫంగస్ మాడు మీది కొవ్వునే తిని బతుకుతుంది కూడా. కాబట్టి మాడుకు షాంపూ పెట్టండి, భయం అక్కర్లేదు. ఘాటు తక్కువైనది ఎంచుకుని కుదుళ్ల దగ్గర మాత్రం వేళ్ల కొసలతో రుద్దండి. కిందికి జారే నురుగు చివర్లకు సరిపోతుంది. సిలికోన్ల మీద కూడా నాకంత పగ లేదు. మామూలు షాంపూ వాడేవాళ్లకు అవి కడిగితే పోతాయి, చిక్కు తీయడం తేలికవుతుంది.

నూనె విషయంలో మన అమ్మమ్మలదే పైచేయి. ముంబైలో పనిచేసే రేలే, మోహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్‌లను పోల్చి 2003లో ఫలితాలు ప్రచురించారు. కడగడం, దువ్వడం వల్ల వెంట్రుక కోల్పోయే ప్రొటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం చిన్న, నిటారైన అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దిగగలదు. మిగతా రెండూ పైపైనే ఉండిపోతాయి. తలస్నానానికి ముందు రాసినా ఈ మేలు దక్కింది. కానీ మనం రాసే చోటే తప్పుతుంది. మాడు మీద దోసిళ్లకొద్దీ పోసి చివర్లను మర్చిపోతాం. ఉంగరాల జుట్టుకు నూనె ఎక్కువ కావలసింది చెవుల కింది నుంచి చివరిదాకా. చుండ్రు ఉంటే మాడును పూర్తిగా వదిలేయడమే మంచిది.

కుంకుడుకాయ గురించి కూడా చెప్పాలి, మన పత్రికల్లో దాన్ని మరీ ఆకాశానికెత్తుతారు కాబట్టి. కుంకుడు రసం నూనెను బాగా వదిలిస్తుంది, సబ్బులా క్షారగుణం లేదు, ఇవి రెండూ దాని గొప్ప. చిక్కు తీయడానికి కావలసిన జారుడుతనం మాత్రం దానిలో లేదు. కుంకుడు రసంలో మందారాకు నలిపి కలిపే అలవాటు అందుకే అంత తెలివైనది. ఆ ఆకు జిగురు వెంట్రుకకు పూతలా పట్టి, పాయలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా చేస్తుంది. నానబెట్టి రుబ్బిన మెంతుల జిగురుదీ అదే పని, కాకపోతే మెంతిపిండి రవ్వలు ఉంగరాల్లోంచి వదలడానికి ఒక పూట పడుతుంది. వడకట్టిన నీళ్లు వాడటం మేలు. సబ్బుబిళ్లతో తలంటుకోవడం మాత్రం మానేయండి. క్షారగుణం వల్ల వెంట్రుక పైపొర విచ్చుకుని గరుకెక్కుతుంది.

ఎంత జాగ్రత్త తీసుకున్నా ఫలితం రానివాళ్లు ముందు అనుమానించాల్సింది నీళ్లను. తాగునీటి ప్రమాణాల ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. అపార్ట్‌మెంట్ బోర్లలో ఆ హద్దు దాటడం వింతేమీ కాదు. అందులోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకను అంటుకుని బిరుసెక్కిస్తాయి, ఉంగరాలు సాగిపోయినట్టు వేలాడతాయి. కుళాయి మీద తెల్లటి పొర కడుతోందంటే జుట్టు మీదా కడుతున్నట్టే. తలస్నానానికి షవర్ ఫిల్టర్లు అమ్ముతారు గానీ వాటిలో చాలావరకు క్లోరిన్‌ను తగ్గించేవే, కఠినత్వాన్ని కాదు. చవకైన దారి, చివరి చెంబులు మంజీరానో కృష్ణానో మున్సిపల్ నీళ్లో పట్టి ఉంచుకుని వాటితో తల కడగడం. లేబుల్ మీద ఈడీటీఏ అని ఉన్న షాంపూను నెలకు ఒకటి రెండుసార్లు వాడినా పేరుకున్నది వదులుతుంది.

తల మీద నీళ్లు పడ్డాక చేసే పనుల వరుస ఈ జుట్టుకు చాలా ముఖ్యం. తడి జుట్టు బలహీనం, దువ్వకూడదు అన్నది సాఫీ జుట్టుకు సరైన మాట. ఉంగరాల జుట్టుకు తిరగేసి చెప్పాలి. అమెరికా చర్మవైద్యుల సంఘం కూడా ఉంగరాల జుట్టును తడిగా ఉన్నప్పుడే, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో దువ్వమంటుంది. షాంపూ కడిగేశాక కండిషనర్‌ను చివర్ల నుంచి సగం దాకా ధారాళంగా పట్టించి, ముందు వేళ్లతో, తర్వాత పెద్దపళ్ల దువ్వెనతో చిక్కు తీయాలి. కింది నాలుగు అంగుళాల చిక్కు వీడాక పైకి, అక్కడ వీడాక ఇంకా పైకి. కుదుళ్ల నుంచి ఒక్క ఈడ్పున కిందికి లాగితే చిన్న చిక్కులన్నీ కలిసి చివర్లో పెద్ద ముడి పడతాయి. స్కూలు పిల్లల ఏడుపులో సగం ఇక్కడిదే. ఈ దువ్వడంతో మళ్లీ తలస్నానం దాకా దువ్వెన పని అయిపోయింది.

కండిషనర్ కడిగాక జుట్టు నీళ్లోడుతుండగానే జెల్ రాయాలి. ఆరాక రాస్తే అది రేగిన జుట్టునే రేగినట్టుగా నిలబెడుతుంది. దుకాణంలో కొనకపోయినా అవిసె గింజలు సరిపోతాయి. రెండు పెద్ద చెంచాల గింజలను రెండు కప్పుల నీళ్లలో సన్నని మంట మీద కలుపుతూ ఉడికిస్తే, గుడ్డులో తెల్లసొన అంత చిక్కగా జిగురు దిగుతుంది. వేడిగా ఉన్నప్పుడే వడకట్టాలి, చల్లారితే గింజలను వదలదు. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది, వాసన మారితే పారేయాలి. దీన్ని పాయలకు పట్టించి, తల వంచి, జుట్టును గుప్పిట్లోకి తీసుకుని కింది నుంచి పైకి నొక్కుతూ వదలండి. తువ్వాలు బదులు పాత కాటన్ టీషర్టుతో నీళ్లు అద్దుకోండి. ఇక ఆరేదాకా ముట్టుకోవద్దు, కష్టమైన పని నిజానికి ఇదే. ఆరాక జుట్టు పెళుసుగా, బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. చాలామంది ఇక్కడ కంగారుపడి మళ్లీ కడిగేసుకుంటారు. కడగక్కర్లేదు, గుప్పిట్లో మెల్లగా నలిపితే ఆ పెంకు విరిగిపోయి లోపల మెత్తటి ఉంగరాలు మిగులుతాయి.

ఊరిని బట్టి జెల్ మారాలి. గ్లిజరిన్ తేమను లాక్కునే పదార్థం. కాకినాడ, విశాఖ గాలిలో అది అవసరానికి మించి తేమను వెంట్రుకలోకి చేర్చి ఉబ్బిస్తుంది, అనంతపురం వేసవిలో అందుకోవడానికి గాలిలో తేమే ఉండదు. ఈ రెండు చోట్లా లేబుల్ మొదటి నాలుగైదు పేర్లలో గ్లిజరిన్ లేనిదే మంచిది. తీరప్రాంతంలో గట్టిగా పట్టి ఉంచే జెల్, రాయలసీమలో జెల్ కింద ఒక పొర క్రీమో రెండు చుక్కల నూనో సరిపోతాయి. అన్నట్టు, ఎండలో ఈ జుట్టు చేసే మేలు ఒకటుంది. టీనా లసీసీ అనే మానవశాస్త్రవేత్త బృందం వేడిని కొలిచే బొమ్మ తలకు రకరకాల విగ్గులు పెట్టి చూసి, బాగా చుట్టలు తిరిగిన జుట్టే ఎండ వేడిని తలకు అతి తక్కువగా చేరనిస్తుందని 2023లో ప్రచురించింది.

రాత్రి పూట నూలు దిండుగలీబు రాపిడికి ఉంగరాలు చెదురుతాయి. జరీ లేని పాత పట్టుచీర ముక్కతో గలీబు కుట్టించుకుంటే కొన్న శాటిన్‌కేమీ తీసిపోదు. జడ వేయాల్సి వస్తే వదులుగా వేయండి. రోజూ బిగించి లాగిన జడ వల్ల నుదుటి దగ్గర జుట్టు పలచబడి, ఏళ్లు గడిస్తే తిరిగి రాకుండా పోవచ్చు.

స్ట్రెయిటెనింగ్ వద్దని ఎవరికీ నీతులు చెప్పను, కానీ తెలిసి చేయించుకోవాలి. శాశ్వతం అనేది చేసిన మేరకే. కొత్త జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున ఉంగరాలతోనే వస్తుంది. రెండు రకాలూ కలిసేచోట వెంట్రుక ఎక్కువగా తెగుతుంది. కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో వాడే కొన్ని ద్రావణాల్లోంచి వేడికి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది, అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. దానికి బదులు తెచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీసిన కేసులను ఫ్రాన్స్, ఇజ్రాయెల్ వైద్యులు ప్రచురించారు. అమెరికాలో దాదాపు 33 వేల మంది మహిళలను సుమారు పదకొండేళ్లు గమనించిన అధ్యయనం 2022లో వచ్చింది. డెబ్బయ్యేళ్లు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ ముప్పు స్ట్రెయిటెనర్లు వాడనివాళ్లలో 1.64 శాతం, తరచుగా వాడేవాళ్లలో 4.05 శాతం అని అందులో లెక్కగట్టారు. కారణం అదేనని నిరూపించిన అధ్యయనం కాదది. అయినా ఏడాదికి నాలుగుసార్లకు పైగా సెలూన్‌కు వెళ్లే ముందు ఆలోచించాల్సినంత తేడా ఉంది. అయినా అందానికి స్ట్రెయిటెనింగే అక్కర్లేదు, ‘అలా మొదలైంది’ సినిమాలో నిత్యా మేనన్‌నూ ‘ప్రేమమ్’లో అనుపమా పరమేశ్వరన్‌నూ ఆ ఉంగరాలతోనే ఇష్టపడిన ప్రేక్షకులం మనం.

సెలూన్‌కు కత్తిరింపు కోసం వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త. తడి మీద భుజాల దాకా కనిపించే జుట్టు ఆరాక చెవుల దాకా ముడుచుకోవచ్చు. పైగా ఒకే తలలో వెనక పాయలు అలల్లా, ముందు పాయలు గట్టి రింగుల్లా ఉండటం మామూలే కాబట్టి అన్నీ ఒకేలా ముడుచుకోవు. ఆరిన జుట్టునే, రింగు రింగునీ చూసుకుంటూ కత్తిరించమనండి. తడిపే కత్తిరిస్తామంటే ముందు ఒక అంగుళమే తీయమని చెప్పండి, పలుచన చేసే పళ్ల కత్తెర మాత్రం వాడనివ్వద్దు.