కినోవా ఆకు పారేయకండి.. పప్పులో వేయండి!

చక్రవర్తికూర తెలియని రైతు ఉండడు. రబీ చేలల్లో విత్తకుండానే మొలిచే కలుపు అది. కొన్ని చోట్ల పప్పుకూర అంటారు. వెనకటి ఆడవాళ్లు కలుపు తీస్తూనే నాలుగు గుప్పెళ్లు ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చేవాళ్లు. ఆ పూటకు పప్పులోకి అదే కూర. ఇప్పుడు అదే మొక్కను మందు కొట్టి చంపుతున్నాం. సాయంత్రం సంతలో డబ్బులిచ్చి పాలకూర కట్ట కొనుక్కొస్తున్నాం.

ఈ చక్రవర్తికూరకు దాయాది మొక్కే కినోవా. రెండింటి లేతాకూ బాతుకాలు ఆకారంలో, అడుగున తెల్లటి పొడి చల్లినట్టు ఉంటుంది. కినోవాను మనవాళ్లు గింజ కోసమే వేస్తున్నారు. ఆకు సంగతి పట్టించుకున్నవారు తక్కువ.

ఎక్కడి పంట?

దక్షిణ అమెరికాలోని పెరూ, బొలీవియా దేశాల్లో ఆండీస్ కొండల మీద వేల ఏళ్లుగా పండుతున్న పంట ఇది. అక్కడి రైతులు గింజను వండుకు తింటారు, కంకి రాకముందు లేతాకును కూర చేసుకుంటారు. 2013ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కినోవా సంవత్సరంగా ప్రకటించింది. ఇంచుమించు ఆ కాలంలోనే మన అనంతపురం జిల్లాలో ‘ప్రాజెక్టు అనంత’ కింద ఈ పంటను పరీక్షించి చూశారు. తక్కువ నీటితో వస్తుంది, చౌడును కొంతవరకు తట్టుకుంటుంది కాబట్టి మెట్ట రైతుకు పనికొస్తుందన్నది ఆలోచన.

అయితే గింజతో ఒక చిక్కుంది. గింజ పైపొరలో సపోనిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. కుంకుడుకాయలో నురగ తెప్పించేది కూడా ఈ జాతి పదార్థమే. దాన్ని పొట్టు తీసో, బాగా కడిగో వదిలించాలి. ఆపైన కొనేవాడు దొరకాలి. ఆకుకు ఈ బాధ లేదు. మామూలు ఆకుకూరలా కడిగి వండుకోవడమే.

ఆకులో ఏముంది?

పరిశోధనల్లో తేలిన లెక్క ప్రకారం 100 గ్రాముల పచ్చి కినోవా ఆకులో మాంసకృత్తులు 2.7 నుంచి 3 గ్రాములు, పీచు దాదాపు 2 గ్రాములు, విటమిన్-సి 120 నుంచి 230 మిల్లీగ్రాముల వరకు ఉంటాయి. రకాన్ని, నేలను బట్టి కొంత తేడా వస్తుంది.

మన కూరలతో పోల్చి చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలకూరలో మాంసకృత్తులు 2 గ్రాములు, విటమిన్-సి 28 మిల్లీగ్రాములు. చక్రవర్తికూరలో మాంసకృత్తులు 3.7 గ్రాములు, సున్నం (కాల్షియం) 150 మిల్లీగ్రాములు, విటమిన్-సి 35 మిల్లీగ్రాములు. తోటకూరలో మాంసకృత్తులు 4 గ్రాములు, సున్నం 397, విటమిన్-సి 99 మిల్లీగ్రాములు.

అంటే కినోవా ఆకు అమృతమేమీ కాదు. తోటకూర మానేసి దీని వెంట పడాల్సిన పని లేదు. కానీ చేలో చేతికందే కూరను గట్టు మీద పారేయడం మాత్రం నష్టమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవారిలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. ఒక్క ఆకుకూరతో రక్తహీనత పోదు. అలాగని ఆకుకూర లేని కంచంతోనూ పోదు.

ఎప్పుడు కోయాలి?

కినోవాను మన దగ్గర అక్టోబరు, నవంబరులో విత్తుతారు. గింజ సన్నం కాబట్టి మొలక ఒత్తుగా వస్తుంది. 15-20 రోజులకు ఎలాగూ పలచన చేయాలి. పీకిన ఆ మొక్కలే మొదటి కూర. వేళ్లు తుంచి, మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడగాలి.

ఆకు కోసమే అయితే పెరట్లో సెంటు మడి చాలు. పది రోజులకోసారి రెండేసి సాళ్లు చల్లుకుంటే వరసగా కూర అందుతుంది. నెల రోజుల్లోపు, జానెడు ఎత్తులో ఉండగానే కోయాలి. ముదిరితే రుచి తగ్గుతుంది. గింజకు వదిలిన చేలో ఆకు దూయకండి. దిగుబడి దెబ్బతింటుంది. అంగట్లో తినడానికి అమ్మే గింజ పొట్టు తీసినది, దాని మొలకను నమ్మలేం. విత్తనం విడిగా తెచ్చుకోవాలి.

పురుగుమందు, కలుపుమందు కొట్టిన చేలో ఆకు తినరాదు. చక్రవర్తికూరకూ ఇదే మాట. యూరియా ఎక్కువేస్తే ఆకులో నైట్రేట్లు పేరుకుంటాయి. ఆకు మడికి పశువుల ఎరువే మేలు.

వండే తీరు

కందిపప్పు ముప్పావు ఉడికాక తరిగిన ఆకు వేసి, మూత పెట్టి కొద్దిసేపే ఉడికించాలి. ఎక్కువ ఉడికితే విటమిన్-సి పోతుంది. దించాక నిమ్మరసం పిండితే కూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పచ్చిమిరప, చింతపండుతో ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే పుల్లగూర అవుతుంది. సంగటిలోకి బాగుంటుంది. ఈ ఆకులో సోడియం ఉంటుంది కాబట్టి ఉప్పు కాస్త తగ్గించి వేయాలి. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటబట్టదు.

ఎవరు జాగ్రత్త పడాలి?

పాలకూర, తోటకూరల్లాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఉంటాయి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు డాక్టరును అడిగే తినాలి. మిగతావారు కూడా రోజూ ఇదే కాకుండా ఆకుకూరలు మార్చి మార్చి తినడం మంచిది.

సంతకు తీసుకెళ్లి అమ్ముదామంటే తొందరపడకండి. పేరు తెలియని కూరను ఎవరూ కొనరు, ఆకు సాయంత్రానికే వాడిపోతుంది. ముందు మన ఇంట్లో వండుదాం. పక్కింటికి ఓ గిన్నెడు పంపుదాం. రుచి మరిగి అడిగేవాళ్లు వచ్చిన రోజున నాలుగు కట్టలు కట్టొచ్చు. కినోవా వేయనివారు దిగులు పడక్కర్లేదు. ఈ రబీలో చేలో మందు కొట్టేముందు ఒకసారి వంగి చూడండి. చక్రవర్తికూర అక్కడే ఉంటుంది.