స్క్రూ తిప్పే ముందు

రోడ్డు మీద కారు ఆగింది. డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీద లేదు. అయినా ఇంజను ఆగిపోదు. మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. ఇట్లా తిరగడాన్ని ఐడిలింగ్ అంటారు.

ఐడిలింగ్ బాగుంటే చప్పుడు ఒకే తీరుగా వస్తుంది. మరీ తగ్గితే ఇంజను వణుకుతుంది, నాలుగు రోడ్ల మధ్య ఆగిపోతుంది. మరీ పెరిగితే పెట్రోలు ఊరికే మండిపోతుంది.

పాత కారును కిరాయికి తిప్పి బతికే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో పెట్రోలు డబ్బు, మెకానిక్ డబ్బు లెక్క చూసేది చాలాసార్లు ఇల్లాలే. కారు ఎందుకు వణుకుతుందో తెలిస్తే ఆ డబ్బు కొంత మిగులుతుంది.

పొయ్యిలాంటిదే ఇంజను

కట్టెల పొయ్యికి కట్టె ఒక్కటే చాలదు. గాలి కూడా కావాలి. గాలి చాలకపోతే పొగ వస్తుంది. ఇంజనులో కూడా అంతే. పెట్రోలు, గాలి సరైన పాళ్ళలో కలవాలి.

మారుతీ 800 కారునే చూడండి. అది 1983 డిసెంబరులో వచ్చింది. మొదట్లో ఆ కారులో కార్బురేటర్ ఉండేది. పెట్రోలును, గాలిని అదే కలిపేది. 2000 ప్రాంతంలో కొత్త పద్ధతి వచ్చింది. సన్నని ఇంజెక్టర్లు పెట్రోలును తుంపరలుగా చిమ్ముతాయి. ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టె చెబుతుంది. 2014 జనవరితో మారుతీ 800 తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాత కార్లే.

గాలి వచ్చే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. అదే థ్రాటిల్. యాక్సిలరేటర్ తొక్కితే అది తెరుచుకుంటుంది. కాలు తీస్తే మూసుకుంటుంది. అప్పుడు గాలి ఒక చిన్న పక్కదారి గుండా వెళ్తుంది. చాలా కార్లలో ఆ దారిలో ఒక వాల్వు ఉంటుంది. కంప్యూటర్ ఆ వాల్వును కొంచెం తెరుస్తుంది, కొంచెం మూస్తుంది. ఐడిలింగ్ అంతా ఆ పక్కదారి గాలి మీద ఆధారపడి ఉంటుంది.

ముందు చూడాలి, వినాలి

పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే ఇంజను కాస్త వేగంగా తిరుగుతుంది. అది జబ్బు కాదు. చల్లని ఇంజను వేడెక్కడానికి కంప్యూటరే అట్లా చేస్తుంది. వేడెక్కాక వేగం తగ్గాలి. తగ్గకపోతేనే లోపం ఉన్నట్టు.

ఐడిలింగ్ తక్కువగా ఉండి ఇంజను ఆగిపోతోందా? థ్రాటిల్ చుట్టూ నల్లని మసి పేరుకుని ఉండవచ్చు. మసి గాలి దారిని మూసేస్తుంది. పక్కదారి వాల్వు కూడా మసితో బిగుసుకుపోతుంది.

ఐడిలింగ్ ఎక్కువగా ఉందా? ఇంజను మీద సన్నని రబ్బరు గొట్టాలు ఉంటాయి. పాతబడితే అవి పగులుతాయి. ఆ పగులు గుండా అదనంగా గాలి దూరుతుంది. అప్పుడు స్స్ మని చప్పుడు రావచ్చు. యాక్సిలరేటర్ తీగ మరీ బిగువుగా ఉన్నా వేగం తగ్గదు.

వేగం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతోందా? గాలి కారడం వల్ల కావచ్చు. వాల్వు పట్టేయడం వల్ల కావచ్చు.

కారంతా ఎగిరెగిరి వణుకుతోందా? మారుతీ 800 ఇంజనులో సిలిండర్లు మూడే. ఒక ప్లగ్గు పని చెయ్యకపోతే మూడింట ఒక వంతు బలం పోతుంది. ప్లగ్గును, దాని వైరును చూడాలి.

నల్ల పొగ వచ్చి పెట్రోలు ఎక్కువ తాగుతోందా? ఇంజను వేడి ఎంతో కంప్యూటరుకు చెప్పే సెన్సారు ఒకటి ఉంటుంది. అది చెడితే, ఇంజను వేడెక్కినా ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. పెట్రోలు ఎక్కువ పంపుతుంది.

డ్రైవరు ముందు ఇంజను బొమ్మ ఉన్న దీపం ఉంటుంది. ఇంజను స్టార్ట్ అయ్యాక అది ఆరిపోవాలి. ఆరకపోతే కంప్యూటర్ ఏదో లోపం పట్టుకున్నట్టు. ఆ లోపం ఏమిటో మెకానిక్ తన పరికరంతో చదవగలడు.

ఇట్లా అడగాలి

ఒక ఇంట్లో కిరాయి కారు ఉంది అనుకుందాం. అది మాటిమాటికీ ఆగిపోతోంది. ఇంటావిడ కారును షెడ్డుకు పంపి, తానూ వెళ్ళింది.

"స్క్రూ కాస్త తిప్పి వేగం పెంచుతా అక్కా. ఇక ఆగదు" అన్నాడు మెకానిక్.

"సరే తమ్ముడూ. కానీ నిన్నటిదాకా బాగానే ఉంది కదా. ఆ స్క్రూ తనంతట తను తిరగలేదు. మరి వేగం ఎందుకు తగ్గింది? అది చూసి చెప్పు."

మెకానిక్ గొట్టం విప్పి చూశాడు. థ్రాటిల్ నిండా మసి ఉంది. శుభ్రం చేశాడు. ఇంజను ఆగకుండా తిరిగింది. స్క్రూ ముట్టుకునే పనే పడలేదు.

అసలు సంగతి ఇదే. లోపం ఉండగా స్క్రూ తిప్పితే జ్వరాన్ని దుప్పటి కప్పి దాచినట్టే. వేగం పెరుగుతుంది, లోపం మాత్రం లోపలే ఉంటుంది. పెట్రోలు వృథా అవుతుంది.

మసి తుడిచేటప్పుడు ఇంజను ఆపాలి. చల్లారాలి. దానికోసం అమ్మే మందు, మెత్తని గుడ్డ వాడాలి. కత్తితో గీకకూడదు.

స్క్రూ ఎప్పుడు తిప్పాలి?

గొట్టాలు, ప్లగ్గులు, తీగ, వాల్వు అన్నీ బాగున్నాయి. మసి లేదు. అయినా వేగం సరిగా లేదు. అప్పుడే స్క్రూ సంగతి చూడాలి.

కొన్ని పాత కార్లలో పక్కదారి గాలికి ఒక స్క్రూ ఉంటుంది. కొన్నింటిలో అసలు ఉండదు. కంప్యూటరే అంతా చూసుకుంటుంది. ఏ కారుకు ఏముందో ఆ కారు రిపేరు పుస్తకంలో రాసి ఉంటుంది. ఎంత వేగం ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. చాలా కార్లలో అది నిమిషానికి 700 నుంచి 1000 చుట్ల మధ్య ఉంటుంది.

సరిచేసే పద్ధతి ఇది.

1. కారును చదునైన చోట ఆపాలి. గేరు తీసి హ్యాండ్ బ్రేకు వెయ్యాలి.
2. ఇంజను బాగా వేడెక్కనివ్వాలి.
3. ఏసీ, లైట్లు ఆపాలి. రేడియేటర్ ఫ్యాను తిరుగుతుంటే అది ఆగేదాకా ఉండాలి.
4. కొన్ని కార్లలో వాల్వును కదలకుండా ఉంచి సరిచెయ్యాలి. అది పుస్తకం చూసి చెయ్యాలి.
5. మీటరు చూస్తూ స్క్రూను పావు చుట్టు మాత్రమే తిప్పాలి. కాసేపు ఆగి మళ్ళీ చూడాలి. మామూలుగా బిగిస్తే గాలి తగ్గి వేగం తగ్గుతుంది. వదులు చేస్తే పెరుగుతుంది.

థ్రాటిల్ తలుపును ఆపే స్క్రూ ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపుతారు. దాన్ని కదపకూడదు.

ప్రాణానికి ముప్పు

మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చిన మనిషికి తల తిరుగుతుంది. స్పృహ తప్పుతుంది. ప్రాణం పోతుంది. కారును ఆరుబయట పెట్టే చూడాలి.

బానెట్ ఎత్తినప్పుడు చీర కొంగు నడుముకు దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. ఇంజను ఆపినా రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు. వేడి రేడియేటర్ మూత తియ్యకూడదు. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

లెక్క రాసుకోండి

ఒక చిన్న నోటుబుక్కు కారులో పెట్టండి. ట్యాంకు నిండా పెట్రోలు పోయించిన రోజు మీటరులోని కిలోమీటర్లు రాయండి. మళ్ళీ ట్యాంకు నింపినప్పుడు కిలోమీటర్లు, లీటర్లు రాయండి. తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగించండి.

320 కిలోమీటర్లకు 20 లీటర్లు పట్టాయి అనుకుందాం. లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చినట్టు. కొన్నాళ్ళకు అదే దూరానికి 25 లీటర్లు పట్టాయి. 5 లీటర్ల డబ్బు చేజారింది. కారు నోరు తెరిచి చెప్పదు. నోటుబుక్కులోని అంకె చెబుతుంది. ఆ అంకె పట్టుకుని షెడ్డుకు వెళ్ళిన ఆడమనిషికి ఎవరూ తప్పు లెక్క చెప్పలేరు.

చెప్పండి చూద్దాం

1. ఐడిలింగ్ అంటే ఏమిటి?
2. రబ్బరు గొట్టం పగిలితే ఏమవుతుంది?
3. స్క్రూను చివరనే ఎందుకు ముట్టుకోవాలి?
4. 270 కిలోమీటర్లకు 18 లీటర్లు పడితే, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?