ఎముక ఒప్పుకొనే రాయి

కడప బండలోనూ, బేతంచెర్ల పలకలోనూ కాల్షియం పుష్కలం. మనిషి ఎముకకు గట్టిదనమిచ్చేదీ కాల్షియమే. అయితే సున్నపురాతిలో అది కార్బొనేటుగా ఉన్నది. ఎముకలో భాస్వరంతో కూడి ఫాస్ఫేటుగా ఉన్నది.

1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ నాటి కర్నూలు జిల్లాలోని బిల్లసర్గం గుహలను త్రవ్వి ప్రాచీన జంతువుల ఎముకలను వెలికితీశారు. సహస్రాబ్దాలు గుహలో పడివున్న ఎముకలో కణం బ్రతికి ఉండదు. బ్రతికివున్న ఎముక సంగతి వేరు. అందులో పడగొట్టడమూ, కట్టడమూ నిత్యకృత్యం. ఆస్టియోక్లాస్టు అనే కణం ఆమ్లాన్ని స్రవించి పాత ఖనిజాన్ని కరిగిస్తుంది. ఆ వెనుకనే ఆస్టియోబ్లాస్టులు వచ్చి క్రొత్త ఎముకను పోస్తవి.

గనిలో బండ మీదపడి కాలి ఎముక కొంతమేర నుజ్జయిన కూలీ ఉన్నాడనుకొందాం. ఆ వెలితిని పూడ్చడానికి వైద్యులు మొదట చూసేది అతని తుంటి ఎముకనే. సొంత ఎముకను కణాలు ఇట్టే స్వీకరిస్తవి. కాని రెండవ గాయమూ, దాని బాధా తప్పవు. దొరికేదీ కొద్దిపాటి ఎముకే. బదులు పదార్థాల కోసం వెదకులాట ఇందుకే.

1892లో జర్మనీ వైద్యుడు డ్రెస్‌మన్ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఎముక గుంతలను పూడ్చాడు. అది కొన్ని వారాలలోనే కరిగిపోతుంది. గోడ లేవకముందే మేస్త్రీ కాలి క్రింది సారువ విప్పినట్లు! ఎముక ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీ ఎపటైటుది దీనికి విరుద్ధమైన మొండితనం. యేండ్ల తరబడి కదలదు. ట్రైకాల్షియం ఫాస్ఫేటు నడిమి రకం.

పోలిక ఒక్కటే చాలదు. లోపల పెట్టిన క్షణాలలోనే రక్తంలోని ప్రోటీనులు ఆ పదార్థంపై పొరగా అంటుకుంటవి. కణం తడిమేది ఆ పొరను, దాని క్రింది గరుకుదనాన్ని. రంధ్రాలు 300 మైక్రాన్లకు పైబడి, ఒకదానిలోనికి మరొకటి తెరచుకొని ఉంటే రక్తనాళాలు చొరబడతవి, వాటి వెంట ఎముకా పెరుగుతుంది. పొసగని పదార్థం చుట్టూ పీచు పొర అల్లుకొని దానిని వెలివేస్తుంది.

ఇంతటి పరీక్షకులైన కణాలను కలవరపెట్టే ఖనిజం కూడ ఒకటి ఉన్నది. నెల్లూరు ప్రాంతపు ఫ్లోరోసిస్ 1937లో వైద్యలోకానికి వెల్లడైంది. కడప, కర్నూలు సీమలలోనూ కొన్ని గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతున్నది. అది ఎముక ఖనిజంలో చొచ్చుకొనిపోయి దానిని సులభంగా కరగనీయదు. పైగా ఆస్టియోబ్లాస్టులను ఉసికొల్పుతుంది. ఎముక పెరుగుతుంది, కాని పెళుసు బారుతుంది. కీళ్ల చుట్టూ నరాలవంటి బంధనాలు సైతం గట్టిపడతవి. ఎక్స్‌రేలో అట్టి వెన్నెముక తెల్లగా, దిట్టంగా కనబడుతుంది. వ్యాధి ముదిరిన మనిషి మాత్రం వంగి నేలమీది చెంబు అందుకొనలేడు.