మట్టిబాటలో మనవడి ప్రశ్న

బెంగళూరుకు చేరువలో సావనదుర్గ అడవి, తుప్పల బీళ్లు, మంచనబెలె జలాశయం కలుపుతూ చక్కని మట్టిబాటలున్నాయి. మొన్న ఆదివారం మనవడితో సైకిలు మీద వెళ్లాను. వెడల్పు టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే కంకర మీద పట్టు బాగుంటుందని వాడే నేర్పాడు.

నీళ్లు కనబడేచోట ఆగాం. "తాతా, మన సొంతూరేది?" అన్నాడు. నాలుగు తరాలుగా ఇక్కడివాళ్లం, నాకూ తెలియదు. మాట మార్చి, ఇదే అర్కావతి మీద ఎగువన 1933లో కట్టిన తిప్పగొండనహళ్లి జలాశయం వెనుక విశ్వేశ్వరయ్యగారి కృషి ఉందనీ, ఆయన పేరు ముందున్న మోక్షగుండం గిద్దలూరు ప్రాంతపు ఊరనీ చెప్పాను.

"ఆయన పేరులో ఊరుంది. మరి మనది?" అన్నాడు వాడు.

ఇల్లు చేరగానే పెద్దక్కయ్యకు ఫోను చేశాను. ఆమెకు ఎనభై ఆరు. కాసేపు ఆలోచించి ఊరి పేరు చెప్పింది. వెంటనే రాసుకున్నాను. మీ ఇంట్లో పెద్దలుంటే మీరూ ఇవాళే అడగండి.