పాటలకు ర్యాంకులు ఎలా ఇస్తారు?

పరీక్షలో మార్కులు కూడి ర్యాంకులు ఇవ్వడం మీకు తెలిసిందే. మరి పాటల మాటేమిటి? “ఈ వారం మొదటి స్థానంలో నిలిచిన పాట” అని ప్రకటిస్తారు గదా, ఆ స్థానాన్ని ఎలా నిర్ణయిస్తారు? పాటలోని మాధుర్యాన్ని కొలిచే యంత్రమేదీ లేదు. అందుచేత జనం ఆ పాటను ఎంతగా కోరుకున్నారో కొలుస్తారు. అయితే కొలిచే పద్ధతి మారితే ర్యాంకులూ మారిపోతాయి. ఎలాగో చూద్దాం.

టెలిఫోనుతో మొదలు

రికార్డుల అమ్మకాలను బట్టి బ్రిటన్‌లో మొదటి పట్టిక 1952 నవంబరు 14న ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో వెలువడింది. ఆ పత్రికకు చెందిన పర్సీ డికిన్స్ సుమారు 20 దుకాణాలకు ఫోను చేసి, ఎక్కువగా అమ్ముడుపోయిన రికార్డులేవో అడిగి రాసుకున్నాడు. పట్టికలో స్థానాలు 12. పాటలు మాత్రం 15! కొన్ని స్థానాల్లో రెండేసి పాటలు సమానంగా నిలిచాయి మరి.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఇదీ అలాంటిదే. దీనిని ‘నమూనా సేకరణ’ అంటారు. కాని కుండలో మెతుకులన్నీ దాదాపు ఒకేలా ఉడుకుతాయి. దుకాణాలన్నింటిలో ఒకే పాటలు అమ్ముడుపోవు. నగరాల్లోని దుకాణాలనే అడిగితే పల్లెల అభిరుచి లెక్కకు రాదు.

అదే 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. హిందీ సినిమా పాటలకు వరుస నిర్ణయించడానికి ఆ కార్యక్రమంలో రికార్డుల అమ్మకాలతోపాటు శ్రోతల సంఘాల అభిప్రాయాలనూ తీసుకునేవారు. దానితో రికార్డు కొనలేనివారి ఇష్టానికీ చోటు దొరికింది.

బార్‌కోడ్ చెప్పిన నిజం

అమెరికాలో ‘బిల్‌బోర్డ్’ పత్రిక చాలాకాలం దుకాణాలవారు చెప్పిన వరుసలనే నమ్ముకుంది. చెప్పేవారి జ్ఞాపకం, ఇష్టాయిష్టాలు అందులో కలిసిపోయేవి. 1991 మే నెలలో ఆల్బముల పట్టికకు కొత్త పద్ధతి వచ్చింది. డబ్బు చెల్లించేచోట యంత్రం బార్‌కోడ్‌ను చదివిన ప్రతిసారీ ఒక అమ్మకం నమోదవుతుంది. వెంటనే పల్లె బాణీల ‘కంట్రీ’ సంగీతం, ‘ర్యాప్’ సంగీతం పట్టికలో పైకి వచ్చాయి. ఆ సెప్టెంబరులో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బము వస్తూనే మొదటి స్థానంలో నిలిచింది. జనం రాత్రికి రాత్రి మారిపోలేదు. మారింది లెక్కించే పద్ధతి!

వినడానికి విలువ ఎంత?

ఇప్పుడు చాలామంది పాటను కొనకుండా ఇంటర్నెట్‌లో వింటున్నారు. అందుకని బ్రిటన్ పట్టికలో 2014 జూలై నుంచి 100 సార్లు వినడాన్ని ఒక అమ్మకంగా లెక్కించారు. 2017 జనవరిలో దానిని 150గా మార్చారు. ఈ మార్పుతో ఏమవుతుందో ఒక ఊహాలెక్కతో చూడండి.

‘అ’ పాట 1,000 అమ్ముడుపోయింది. దానిని 3,00,000 సార్లు విన్నారు. ‘ఆ’ పాట 2,500 అమ్ముడుపోయింది. దానిని 1,20,000 సార్లు విన్నారు.

100కు ఒకటి చొప్పున: ‘అ’కు 4,000, ‘ఆ’కు 3,700. గెలుపు ‘అ’ది.

150కి ఒకటి చొప్పున: ‘అ’కు 3,000, ‘ఆ’కు 3,300. గెలుపు ‘ఆ’ది!

కొన్నవారూ, విన్నవారూ మారలేదు. అయినా విజేత మారింది.

మీరూ చేసి చూడండి

అయిదు పాటలు ఎంచుకుని మీ తరగతిలో ఓట్లు తీసుకోండి. మొదట ఒక్కొక్కరికి ఒక్క ఓటే ఇవ్వండి. తరువాత ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన మూడు పాటలకు వరుసగా 3, 2, 1 మార్కులు వేయాలి. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. వరుస మారితే, ఎందుకు మారిందో మీ మిత్రులకు వివరించండి.