Baseball Shutout: దసరా పొద్దున 2-0.. బేస్‌బాల్‌లో 'షటౌట్' అంటే ఏంటి? పాడ్రేస్‌ను డాడ్జర్స్ ఎలా కట్టేసింది?

2024 అక్టోబర్ 12, శనివారం. దసరా పండగ. ఆ రాత్రి హైదరాబాద్ ఉప్పల్‌లో బంగ్లాదేశ్‌పై టీమిండియా 297 పరుగులు బాదిన సంగతి అందరికీ గుర్తే. కానీ అదే రోజు పొద్దున్నే, కరీంనగర్, ఆదిలాబాద్ జనం ఇంకా పండగ పనుల్లో ఉండగానే, అమెరికాలో ఇంకో మ్యాచ్ జరిగింది. అక్కడ ఇంకా శుక్రవారం సాయంత్రమే. ఆ మ్యాచ్ స్కోరు ఎంతో తెలుసా? 2-0. అయినా లాస్ ఏంజెలెస్ ఊగిపోయింది.

ఆడింది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, శాన్ డియాగో పాడ్రేస్. రెండూ దక్షిణ కాలిఫోర్నియా టీమ్‌లే. రెండు నగరాల మధ్య దూరం దాదాపు 190 కిలోమీటర్లు.. ఇంచుమించు మన కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ పోయినంత. పక్కపక్క ఊళ్ల పోటీ ఎట్లుంటదో చెప్పాల్సిన పని లేదు. ఈ సిరీస్ రెండో మ్యాచ్‌లో కొందరు ఫ్యాన్స్ పాడ్రేస్ ఫీల్డర్ జురిక్సన్ ప్రొఫార్ వైపు బంతులు విసరడంతో ఆట కాసేపు ఆగిపోయింది కూడా.

అసలు షటౌట్ అంటే?

బేస్‌బాల్‌లో ఒక్కో టీమ్‌కు 9 ఇన్నింగ్స్. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టే. బ్యాటర్ నాలుగు బేస్‌లు చుట్టి వస్తేనే ఒక్క రన్. తొమ్మిది ఇన్నింగ్స్‌లోనూ ప్రత్యర్థికి ఆ ఒక్కటి కూడా ఇవ్వకపోతే అది షటౌట్. క్రికెట్‌లో మెయిడెన్ ఓవర్ ఉంటది కదా.. మ్యాచ్ మొత్తం మెయిడెన్ వేసినట్టు అనుకోండి. క్రికెట్‌లో టీమంతా సున్నాకు ఆలౌట్ కావడం దాదాపు జరగని పని. బేస్‌బాల్‌లో మాత్రం షటౌట్‌లు ప్రతి సీజన్‌లో కనిపిస్తాయి. కానీ ఓడితే ఇంటికే అనే మ్యాచ్‌లో కొడితే ఆ లెక్కే వేరు.

ఇది అలాంటి మ్యాచే. ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో పాడ్రేస్ 2-1తో ముందుంది. నాలుగో మ్యాచ్‌లో డాడ్జర్స్ 8-0తో గెలిచి సమం చేసింది. ఐదోది ఫైనల్ లాంటిది.

అందరి కళ్లూ యమమోటో మీదే

డాడ్జర్స్ తరఫున బంతి అందుకున్నది జపాన్ పిచ్చర్ యోషినోబు యమమోటో. 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ అతనిది. అయితే ఇదే సిరీస్ మొదటి మ్యాచ్‌లో 3 ఇన్నింగ్స్‌లోనే 5 రన్స్ ఇచ్చేశాడు. దాంతో ఇంత పెద్ద మ్యాచ్‌కు ఇతనేనా అన్న అనుమానాలు వచ్చాయి. అవతల పాడ్రేస్ పిచ్చర్ యు డార్విష్ కూడా జపాన్ ఆటగాడే.

మూడో ఇన్నింగ్స్‌లో పాడ్రేస్‌కు ఛాన్స్ దొరికింది. బేస్‌ల మీద ఇద్దరు, ఒక్కరే అవుట్, బ్యాటింగ్‌లో ఫెర్నాండో టాటిస్ జూనియర్. అతను కొట్టిన బంతి నేల మీదుగా ఫీల్డర్ చేతికి పోయింది. ఒకే బంతికి ఇద్దరు అవుట్.. దీన్నే డబుల్ ప్లే అంటారు. అంతే! ఆ తర్వాత పాడ్రేస్ బ్యాటర్ ఒక్కరు కూడా బేస్ చేరలేదు. నాలుగు నుంచి తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా 18 మంది వచ్చారు, 18 మందీ అవుట్.

డార్విష్ కూడా బాగానే వేశాడు పాపం. రెండు బంతులే దెబ్బకొట్టాయి. రెండో ఇన్నింగ్స్‌లో కీకే హెర్నాండెజ్, ఏడో ఇన్నింగ్స్‌లో టియోస్కార్ హెర్నాండెజ్ హోమ్ రన్స్ కొట్టారు. ఇంటిపేరు ఒక్కటే గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు.

ఇంకో లెక్క చూస్తే షాక్ అవుతారు. మూడో మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌లో 6 రన్స్ చేసిన పాడ్రేస్, అక్కడి నుంచి సిరీస్ ముగిసేదాకా వరుసగా 24 ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ కూడా చేయలేదు.

మరి ఈ షటౌట్ యమమోటో ఖాతాలో పడిందా? లేదు. పిచ్చర్ పేరు మీద షటౌట్ రాయాలంటే సాధారణంగా మ్యాచ్ మొత్తం అతనే వేయాలి. యమమోటో 5 ఇన్నింగ్స్ వేసి రెండు హిట్లే ఇచ్చి తప్పుకున్నాడు. మిగతా నాలుగింటిని ఫిలిప్స్, వెసియా, కోపెక్, ట్రెయినెన్ పంచుకున్నారు. అందుకే ఇది టీమ్ షటౌట్ కిందికే వస్తుంది. డాడ్జర్స్ ఆ తర్వాత న్యూయార్క్ మెట్స్‌ను దాటి, వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్‌ను 4-1తో ఓడించి టైటిల్ ఎగరేసుకుపోయింది.