టిక్కు ఎక్కడ పుడుతుంది?

కీ ఇచ్చే పాత హెచ్‌ఎంటీ వాచీ ఏ బీరువా అరలోనైనా మిగిలి ఉంటే, దాన్ని తీసి కాస్త కీ తిప్పి చెవికి ఆనించుకుని వినాలి. గోడ గడియారంలా తాపీగా కొట్టుకోదది. సెకనుకు అయిదు టిక్కులు. గంటకు 18,000. రోజుకు 4,32,000. అందులో వెయ్యికి ఒక్క టిక్కు తేడా వచ్చినా రోజుకు దాదాపు నిమిషంన్నర తప్పుతుంది. అలాంటి వాచీ రోజుకు అర నిమిషం తేడాతో నడుస్తోందంటే, ఆ చిన్న డబ్బాలో ఎంత క్రమశిక్షణ ఉందో ఆలోచించండి.

చక్రాలు తిరగడం వల్ల ఆ చప్పుడు వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో గట్టిగా వినిపించేది చక్రం ఆగినప్పుడు వచ్చే చప్పుడే.

వెనక మూత తీస్తే లోపల కనిపించేదాన్ని కంపెనీలు మూవ్‌మెంట్ అంటాయి, బాగుచేసేవాళ్లు మిషను అంటారు. దాని బలమంతా మెయిన్ స్ప్రింగులో ఉంది. గుండ్రటి చిన్న డబ్బాలో చుట్టిపెట్టిన ఉక్కు పట్టీ అది. కీ తిప్పితే బిగుసుకుంటుంది, వదిలితే విప్పుకోవాలని చూస్తుంది. డబ్బా అంచున ఉన్న పళ్లు సెంటర్ వీల్‌ను తిప్పుతాయి. అది గంటకొక చుట్టు తిరుగుతుంది. దాని తర్వాత మూడో చక్రం, ఆపైన నాలుగో చక్రం. నాలుగోది నిమిషానికి ఒక చుట్టు, సెకన్ల ముల్లు నడిచేది దాని లెక్క ప్రకారమే. వరసలో ఆఖరుది ఎస్కేప్ వీల్. దానికి 15 పళ్లు, నిమిషానికి పది చుట్లు.

ఈ వరసకు అడ్డు లేకపోతే ఒకటిన్నర రోజు నడిపించాల్సిన బలం కొన్ని క్షణాల్లో జర్రున ఖాళీ అయిపోతుంది. ఆ అడ్డు పేరే ఎస్కేప్‌మెంట్. గడియారం కథంతా నిజానికి ఈ అడ్డు కథే.

దాన్ని దగ్గరగా చూద్దాం. బ్యాలెన్స్ వీల్ ఊయలలా ఇటూ అటూ తిరుగుతుంటుంది. దాని ఇరుసుకు చుట్టుకుని ఉన్న హెయిర్ స్ప్రింగు ప్రతిసారీ వెనక్కి లాగుతుంది. ఊయలకూ ఎస్కేప్ వీల్‌కూ మధ్య లంగరు ఆకారంలో చిన్న లీవర్, దాని రెండు కొమ్ములకు చెరో ఎర్ర రాయి. ఒక రాయి ఎస్కేప్ వీల్ పన్నును పట్టి ఆపి ఉంచుతుంది. ఊయల తిరిగొచ్చి లీవర్ తోకను తడుతుంది. రాయి పక్కకు జరుగుతుంది. విడుదలైన పన్ను వెళ్తూ వెళ్తూ ఆ రాయి వాలును ఒక్క నెట్టు నెడుతుంది. ఆ నెట్టు లీవర్ ద్వారా ఊయలకు చేరుతుంది, ఊయలలో పిల్లను ప్రతి ఊపుకూ చిన్నగా తోసినట్టు. ఈలోగా మరో పన్ను రెండో రాయి మీద పడి ఆగిపోతుంది. తట్టడం, నెట్టడం, పడటం మూడూ మూడు వేరు చప్పుళ్లు. అవి ఎంత దగ్గరగా వస్తాయంటే మన చెవికి ఒకే టిక్కుగా వినిపిస్తాయి.

ఇది ఒక్కరోజులో పుట్టింది కాదు. మొదట్లో జేబు గడియారాలకు బ్యాలెన్స్ ఉండేది కానీ హెయిర్ స్ప్రింగు ఉండేది కాదు. ఊపుకు సొంత లయ లేదు, మెయిన్ స్ప్రింగు బలం తగ్గితే వేగమూ తగ్గిపోయేది. అందుకే చాలా వాటికి గంటల ముల్లు ఒక్కటే. నిమిషాల ముల్లు పెట్టినా నమ్మడానికి లేదు. 1675లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ చుట్టలు చుట్టిన స్ప్రింగును బ్యాలెన్స్‌కు జోడించి చూపించాడు. ఆ ఆలోచన ముందు తనదేనని లండన్‌లో రాబర్ట్ హుక్ తగాదాకు దిగాడు. ఎవరిదైనా, నిమిషాల ముల్లుకు గౌరవం దక్కింది ఆ తర్వాతే. ఇప్పుడు మనం చూసిన లీవర్‌ను 1755 ప్రాంతంలో రూపొందించినవాడు ఇంగ్లండ్‌కు చెందిన థామస్ మడ్జ్. అప్పట్లో దాన్ని తయారుచేయడం మహా కష్టం, అందుకని చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 19వ శతాబ్దం గడిచేసరికి ప్రపంచమంతా అదే వాడింది.

డయలు మీద ‘17 జ్యువెల్స్’ అని చూసి లోపల విలువైన రత్నాలున్నాయని మురిసిపోయినవాళ్లు మనలో తక్కువేం కాదు. అవి కెంపులే, కాకపోతే కొలిమిలో చేసినవి. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ వెర్నాయ్ 1902లో కృత్రిమ కెంపు తయారీ పద్ధతిని ప్రకటించాక అవి చవకయ్యాయి. వాటి పని అందం కాదు, అరుగుదల ఆపడం. లీవర్‌కు రెండు రాళ్లు, దాన్ని తట్టేందుకు బ్యాలెన్స్ దగ్గర ఒకటి, మిగతావన్నీ ఇరుసుల మొనలు తిరిగే గుంటలకు. బ్యాలెన్స్ ఇరుసు మొన మందం మిల్లీమీటరులో పదో వంతు. వాచీ కింద పడితే ముందు విరిగేది అదే. అందుకే హెచ్‌ఎంటీ డయళ్ల మీద ‘పారాషాక్’ అన్న మాట కనిపిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ మొన తిరిగే రాయి కాస్త కదిలి తిరిగి తన చోటికి వచ్చే ఏర్పాటు అది.

ఎండ ఇంకో శత్రువు. మామూలు ఉక్కు హెయిర్ స్ప్రింగు వేడికి మెత్తబడుతుంది. ఒక్కో డిగ్రీకి వాచీ రోజుకు సుమారు పది సెకన్లు వెనకపడుతుంది. మాఘమాసపు చలిలో సరిచేసిన అలాంటి వాచీని రోహిణి కార్తె ఎండలో బల్ల మీద వదిలేస్తే రోజుకు నాలుగు నిమిషాలు తేడా రావచ్చు. ఈ చిక్కును విప్పింది షార్ల్ గియోమ్ కనిపెట్టిన నికెల్ ఉక్కు మిశ్రమాలు. ఆ పనికి ఆయనకు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

మన దేశంలో ఈ కథ 1961లో బెంగళూరులో మొదలైంది. హిందుస్థాన్ మెషిన్ టూల్స్, అంటే హెచ్‌ఎంటీ, జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో చేతి గడియారాలు మొదలుపెట్టింది. పెళ్లిళ్లలో అల్లుడికి వాచీ పెట్టడం, ఉద్యోగం వచ్చిన కొడుక్కి హెచ్‌ఎంటీ జనతా వాచీ కొనివ్వడం ఇంటింటి ముచ్చటైంది. తర్వాత మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. కానీ అప్పటికే 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో ఆస్ట్రాన్ పేరుతో క్వార్ట్జ్ వాచీ మార్కెట్లోకి వచ్చేసింది. ఇప్పటి క్వార్ట్జ్ వాచీల్లో బ్యాటరీ కరెంటుకు స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని వరసగా పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటే సెకన్ల ముల్లును ఒక అంగ వేయిస్తుంది. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

పాత వాచీ ఉన్నట్టుండి రోజుకు పావుగంట ముందుకు పరుగెత్తితే చెడిపోయిందని అటకెక్కించవద్దు. స్పీకరు మీదో, అయస్కాంతమున్న ఫోన్ కవరు పక్కనో పెట్టి ఉంటే హెయిర్ స్ప్రింగుకు అయస్కాంత గుణం పట్టి చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైపోయినట్టే. అనుభవమున్న మెకానిక్ ముందు దిక్సూచిని వాచీ దగ్గర పెడతాడు. దాని సూది వణికితే సంగతి అర్థమైనట్టే. కరెంటు పారే తీగచుట్ట మధ్య వాచీని పెట్టి మెల్లగా పైకి తీస్తాడు. పది సెకన్ల పని. తర్వాత కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే చుట్టలు మళ్లీ విడివిడిగా, ఒకే ఎడంతో ఊపిరి తీస్తున్నట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటాయి.